సగం పేరు

నా పేరు దస్తగిరి రెడ్డి. కమలాపురంలో ఈ పేరు వింటే ఎవరూ తల తిప్పి చూడరు. పాపాఘ్ని పెన్నలో కలిసేచోట మా ఊరు, ఊళ్లో దర్గా. బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటామని మొక్కుకునే ఇళ్లు మా సీమలో ఇప్పటికీ ఉన్నాయి. మస్తాన్ రెడ్లు, హుసేనమ్మలు అట్లా పుట్టినోళ్లే.

హైదరాబాదులో రూము కోసం తిరిగేటప్పుడు ఓనరు పేరడిగినాడు. ఆయనా తెలుగాయనే. "దస్తగిరి" అన్నాను. "రూము నిన్ననే అయిపోయింది బాబూ" అన్నాడు. వెనక్కి తిరిగినాక ఏమనిపించిందో, మిగతా సగం కూడా చెప్పినాను. రూము మళ్లీ ఖాళీ అయింది! అడ్వాన్సు కూడా తగ్గించినాడు. ఆ రాత్రి ఫ్రెండ్సుకు చెప్పి పడీపడీ నవ్వినాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటేనే సిగ్గు.

బడిలో పదేళ్లు చెయ్యి ముందుకు చాపి, భారతీయులంతా తోబుట్టువులేనని ప్రతిజ్ఞ చెప్పినోణ్ణే నేను. దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది నల్లగొండ జిల్లా. 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా బళ్లలో చెప్పిస్తున్నారు. యుద్ధకాలంలో రాసిన ఆ మాటల్లో శత్రువు ఊసే లేదు. పక్కవాడితో ఎట్లా మెలగాలో ఉంది. మరి ఇప్పుడు మా క్యాంపస్‌లో దేశభక్తి మాట ఎత్తితే ముందు శత్రువు ఎవరో తేలాలి. క్రికెట్ మ్యాచ్ రోజు హాస్టల్ టీవీ గదిలో ఎవరు ఎప్పుడు చప్పట్లు కొట్టారో లెక్క చూసేవాళ్లు కూడా ఉన్నారు.

'దేశద్రోహి' అనే మాట విద్యార్థుల మీద ఎంత సులువుగా పడుతుందో చూస్తూనే ఉన్నాం. అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆ మాటను కులాల మీద వాడినాడు. ఈ దేశంలో కులాలే జాతి వ్యతిరేకమైనవి అన్నాడాయన. ఆ లెక్కన కార్తీకమాసంలో కులానికో తోటలో జరిగే వనభోజనాలను ఏమనాలి? నేను కాలేజీలో చేరిన వారానికే 'మనోళ్లు' అనే వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చినారు. ఎవరు మనోళ్లని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. కమ్యూనిటీ అంటే మనకు కులానికి పెట్టుకున్న ఇస్త్రీ పేరు, అంతే.

ఇక మన సాహిత్య మిత్రులున్నారు. ఉగాది వస్తే చాలు, దేవుని కడప గుడి ముందు బారులు తీరిన ముస్లింల ఫొటోలు షేర్ చేస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, వెంకన్న తమ అల్లుడు అని వాళ్లు రావడం నిజం. ఆ వరస నాకూ ఇష్టమే. కానీ అల్లుడికి టెంకాయ కొట్టి వచ్చిన మనిషికి నగరంలో బాడుగ ఇల్లు దొరకదు కదా, ఆ సంగతి ఫొటో కింద ఎవరూ రాయరేం? పైగా మా ఊరు కూడా ఏమంత గొప్పది కాదు. దర్గా మెట్ల మీద అందరం ఒకటే. ఇంటికొచ్చినాక ఎవరి పేట వాళ్లదే. సామరస్యం అంటూ మేము మురిసిపోయేది ఏడాదికి నాలుగు రోజుల ముచ్చట. మిగిలిన రోజుల గురించి మాట్లాడితే సీమ పరువు తీస్తున్నావంటారు. తీయనీ.

జూన్‌లో మా ఊరి పిల్లోడొకడు ఇక్కడికి చదువుకు వస్తున్నాడు. "అన్నా, రూము చూసి పెట్టు" అని ఫోన్ చేసినాడు. వాడి పేరు చివర తలుపులు తెరిచే ముక్కేమీ లేదు. ఇద్దరం ఒకే రూములో ఉందామని చెప్పినాను. నాలుగు ఇళ్లు చూసినాను ఇప్పటికి. నాలుగు చోట్లా నా పేరు సగమే చెప్పినాను. రూము ఇంకా దొరకలేదు.