మైత్రీవనం: ప్రతి వానకూ అదే మునక ఎందుకు?

గంటసేపు గట్టి వాన పడితే మైత్రీవనం దగ్గర ఏమవుతుందో అమీర్‌పేటలో కోర్సు చేసిన ఎవర్నడిగినా చెప్తారు. బీకాం అయ్యాక నేను ట్యాలీ నేర్చుకున్నది అక్కడే. సాయంత్రం బ్యాచ్ వదిలే టైముకు వాన పట్టుకుంటే బైకులు నీళ్లలో ఆగిపోయేవి, బస్సు కదిలేది కాదు. మగ్రిబ్‌కల్లా ఇల్లు చేరాల్సినవాళ్లం ఇషా దాటాక చేరేవాళ్లం.

షికాగోలో ఉంటున్న మా ఖాలా కొడుకుతో ఈమధ్య ఈ సంగతే మాట్లాడుతుంటే, అక్కడి మంచు రూలు ఒకటి చెప్పాడు. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య, సుమారు 107 మైళ్ల మెయిన్ రోడ్ల మీద బండి పార్క్ చేయకూడదు. ఆ రాత్రి మంచు పడినా పడకపోయినా సరే. మంచు తోసే బండ్లకు దారి ముందే ఖాళీగా ఉండాలని. వాళ్లకూ ఇది ఊరికే అబ్బలేదు. 1979 జనవరిలో భారీ మంచు తుఫాను వచ్చి రోడ్లు రోజుల తరబడి క్లియర్ కాలేదు. మరుసటి నెల పార్టీ ప్రైమరీలో మేయర్ మైకేల్ బిలాండిక్ ఓడిపోయారు, జేన్ బర్న్ గెలిచారు. అక్కడ మంచు ఓట్ల లెక్కలోకి వచ్చింది.

మనకు మంచు లేదు, వాన ఉంది. రెండింటికీ ఒక తేడా కూడా ఉంది. మంచు పడినచోటే ఉంటుంది, నీళ్లు అలా కాదు. మైత్రీవనంలో నిలిచేది మైత్రీవనంలో కురిసిన వాన మాత్రమే కాదు. జూబ్లీహిల్స్ ఎత్తు నుంచి, యూసుఫ్‌గూడ, కృష్ణకాంత్ పార్కు, మధురానగర్ వైపు నుంచి దిగే నీళ్లన్నీ ఈ పల్లానికే వస్తాయి. నగరంలోని పాత నాలాలు గంటకు 2 సెంటీమీటర్ల వాన వరకే తట్టుకుంటాయని ఇంజనీర్లు ఏళ్లుగా చెప్తున్నారు. ఆ నాలాలో సగం పూడిక ఉంటే మోటార్లు పెట్టి రోడ్డు మీద నీళ్లు ఎంత తోడినా ఏం లాభం?

2025 ఆగస్టు వానల తర్వాత, 10వ తేదీన, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మైత్రీవనం, బుద్ధనగర్, గంగూబాయి బస్తీల్లో తిరిగి చూశారు. తర్వాత హైడ్రా అమీర్‌పేట బాక్సు డ్రెయిన్లలో పేరుకున్న పూడికను తీయించింది. మంచిపనే, కాదనలేం. కానీ అది ముంపు వచ్చాక జరిగింది. వాన ఎప్పుడొస్తుందో తెలియదా అంటే, జూన్‌లో వస్తుందని చిన్నపిల్లలకీ తెలుసు. మహానగరానికి మాస్టర్ ప్లాన్ గీసే హెచ్‌ఎండీఏ ఆఫీసు ఏళ్లపాటు ఆ చౌరస్తాలోనే, స్వర్ణజయంతి కాంప్లెక్సులోనే నడిచింది మరి!

ఇక నష్టం లెక్క. ఆటో అద్దెకు తీసుకుని నడిపే భాయ్ రెండు గంటలు నీళ్లలో ఇరుక్కున్నా ఓనరుకు ఆ రోజు అద్దె పూర్తిగా కట్టాల్సిందే. డెలివరీ కుర్రాడికి ఆర్డరు పోతుంది, కొన్నిసార్లు ఇంజను కూడా. ఇవి ఏ శాఖ పద్దులోనూ రాయరు. ముంపు అనగానే తోపుడుబండ్లవాళ్ల మీద పడటం మాత్రం తేలిక. బండి పక్కకు జరిపితే నీళ్లు పోవు, కింద నాలాకు దారి ఉండాలి.

ఒక విషయం మరచిపోకూడదు. 2019 సెప్టెంబరు 22న వాన నుంచి తప్పించుకోవడానికి అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నిలబడిన ఒక యువతి, పైనుంచి పెచ్చు ఊడిపడి చనిపోయింది. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే జనం ఇప్పటికీ అక్కడికే చేరతారు, వేరే చోటు లేదు కాబట్టి.

ఏ నాలాలో ఏ తేదీకల్లా పూడిక తీస్తారో, ఎవరు తీస్తారో ఏప్రిల్‌లోనే బోర్డు రాసి చౌరస్తాలో పెట్టమనండి. మే నెలాఖరుకు ఆ పని అయిందో లేదో రోజూ అటు వెళ్లే మనమే చూసుకుంటాం.