పదవీకాలానికి రక్షణ ఏది?

ప్రభుత్వ తప్పును తప్పని చెప్పవలసిన సంస్థలో సభ్యుణ్ణి అదే ప్రభుత్వం తలచినప్పుడు ఇంటికి పంపగలిగితే, ఆ సంస్థ ఎవరి పక్షాన నిలుస్తుంది? అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సభ్యుణ్ణి విధాన విభేదాల కారణంగా అధ్యక్షుడు తొలగించరాదని 1935లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 మార్చిలో ట్రంప్ అదే కమిషన్‌లోని ఇద్దరిని తొలగించి ఆ వివాదాన్ని తిరగదోడారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2020 మార్చి 15న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. తొలగింపు అన్న మాట లేకుండానే ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసింది. నియామకం తరువాత నిబంధనలను ఆయనకు నష్టం కలిగేలా మార్చరాదని, హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించరాదని చెప్పే రాజ్యాంగ 243-కె అధికరణం ఆయనకు అండగా ఉన్నది.

మైనారిటీల సంస్థలకు ఆ అండ లేదు. జాతీయ మైనారిటీ కమిషన్ 1992 నాటి చట్టంతో ఏర్పడినది. పదవిని దుర్వినియోగం చేశారని కేంద్రం భావిస్తే, సంజాయిషీ విని సభ్యులను తానే తొలగించవచ్చు. అభియోగం మోపేదీ, తీర్పు చెప్పేదీ ఒక్కరే. ఆంధ్రప్రదేశ్‌లో వక్ఫ్ బోర్డు వ్యాజ్యాల నడుమ స్తంభించిన మాట నిజమే. కానీ 2024 నవంబరు 30న ప్రభుత్వం నియామక ఉత్తర్వునే వెనక్కి తీసుకొని బోర్డును రద్దు చేసింది. 2025 సవరణ చట్టం బోర్డు సభ్యుల ఎన్నికనే తీసివేసి, నామినేషన్ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పెట్టింది.

రేగొండ వంటి మండల కేంద్రంలో ఖబరస్తాన్ హద్దు చెరిగినా, మసీదు భూమి అన్యాక్రాంతమైనా సామాన్య కుటుంబం ఈ సంస్థల తలుపే తట్టాలి. అక్కడ కూర్చున్నవారికి తమ కుర్చీ మీదే భరోసా లేనప్పుడు కలెక్టరుకు నోటీసు పంపే ధైర్యం ఎక్కడిది?

మైనారిటీ కమిషన్లకు రాజ్యాంగ హోదా కల్పించాలి. ప్రభుత్వానికి సంబంధం లేని న్యాయ విచారణలో ఆరోపణ రుజువైతే తప్ప సభ్యులను తొలగించరాదు. మనవైపు నుంచీ ఒక నిగ్రహం అవసరం. మనకు నచ్చిన పార్టీ గెలిచి పాతవారిని ఊడ్చివేసినప్పుడు చప్పట్లు కొడితే, రేపు మనవారిని తొలగించిన రోజున ప్రశ్నించే నైతిక హక్కు మనకు మిగలదు.