వామి నిండా గడ్డి, పశువు ఒంట ఎముకలు

సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతంలో వేసవి వచ్చిందంటే వరిగడ్డి లారీల కోసం ఎదురుచూపులు మామూలే. వానలు మొగం చాటేసిన సంవత్సరాల్లో గడ్డి కేంద్రాలు తెరవడం, రాయితీపై గడ్డి పంచడం కూడా కొత్త కాదు. అయితే గడ్డి దొరికిన ఇళ్లలోనూ పశువులు బక్కచిక్కడం, ఎనుములు పాలు తగ్గించడం, ఆవులు సకాలంలో ఎదకు రాకపోవడం గమనించవలసిన విషయం. గడ్డి కొరత ఒక్కటే దీనికి కారణమని సరిపెట్టుకోవడానికి వీలులేదు.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లకు మించవు. పశువు గడ్డిని స్వయంగా అరిగించుకోలేదు. దాని మొదటి కడుపులోని సూక్ష్మజీవులే పీచును విడగొట్టి పెడతాయి. మేతలో కనీసం 7 పాళ్లయినా మాంసకృత్తులు లేకపోతే ఆ జీవులు వృద్ధి చెందవు. గడ్డి కడుపులోనే నిలవ వుంటుంది. పశువు మళ్లీ మేతకు మూతి పెట్టదు. చూసేవారికి కడుపు నిండుగా కనిపిస్తుంది, లోపల మాత్రం అది పస్తే.

ఇది తెలియక చాలామంది రైతులు జొన్నలో, మొక్కజొన్నలో, నూకల జావో ఎక్కువగా పోస్తారు. గింజ బలమే, కాదనలేము. కాని మాంసకృత్తులు లోపించిన పశువుకు గింజ మితిమీరితే కడుపులో పులుపు పెరిగి, పీచును అరిగించే జీవులు దెబ్బ తింటాయి. గింజ తిన్న పశువు గడ్డిని వదిలేస్తుంది. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం గంపలకొద్దీ పెట్టినందువల్ల పశువులు చనిపోవడం పల్లెల్లో అందరూ ఎరిగినదే.

ముందు కావలసింది చెక్క. రోజుకు 6 కిలోల గడ్డి మేసే వట్టిపోయిన ఆవు లెక్క చూద్దాం. దానికి కనీసం 420 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గడ్డి నుంచి వచ్చేది సుమారు 200 గ్రాములు. నూటికి 40 పాళ్లకు పైగా మాంసకృత్తులు గల వేరుశనగ చెక్క అరకిలో పెడితే ఆ లోటు తీరుతుంది. పొట్టుతో వుండే పత్తి చెక్క అయితే ఇంచుమించు రెట్టింపు కావాలి. పాడి పశువుకు పాలను బట్టి చెక్కతోపాటు గింజ, తవుడు కూడా అవసరమే. ఏది పెట్టినా పది రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. బూజు పట్టిన చెక్క పెట్టరాదు. దాని విషం పాలలోకి కూడా వస్తుంది.

చెక్క కొనలేని రైతుకు మరో దారి వుంది. 100 కిలోల వరిగడ్డిపై 4 కిలోల యూరియా కరిగించిన 50, 60 లీటర్ల నీరు చల్లి, పొరలుగా తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి వుంచితే గడ్డి మెత్తబడుతుంది, మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. ఘాటు పోయేదాకా ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియాను నేరుగా కుడితిలో కలిపితే మాత్రం ప్రాణాలకే ముప్పు.

వేరుశనగకు పేరుమోసిన ఈ సీమలోనే పశువు చెక్కకు మొగం వాచి వుండడం విచారకరం. గింజ నూనె మిల్లుకు పోతే, చెక్క ధర పలికే చోటికి పోతున్నది. ప్రభుత్వం గడ్డిని తూకం చూసి పంచుతున్నదే తప్ప, దానిలోని సత్తువ చూడడం లేదు. పై లెక్క ప్రకారం 100 కిలోల గడ్డికి 8 కిలోల చెక్క చాలు. రాయితీ గడ్డితోపాటే ఈ చెక్కనూ ఇవ్వాలి. పాల సంఘాలు చెక్కను అరువుగా ఇచ్చి, పాల బిల్లులో వాయిదాలపై మినహాయించుకోవచ్చు. పశువైద్య సిబ్బంది, రైతు సేవా కేంద్రాలు వేసవికి ముందే ప్రతి గ్రామంలో యూరియా గడ్డి తయారీని రైతుల కళ్లెదుట చేసి చూపాలి.

కరవులో బక్కచిక్కిన పశువుకు సంతలో ధర రాదు. అయినకాడికి అమ్ముకున్న రైతు, వానలు పడ్డాక మళ్లీ కొనాలంటే అప్పు తప్పదు. అరకిలో చెక్క దగ్గర మిగిల్చిన సొమ్ము ఆ నష్టానికి ఏ మూలకూ సరిపోదు. ఈ సంగతి రైతులూ, అధికారులూ గడ్డివాములు తరగక ముందే గుర్తించడం మంచిది.