వారానికో బకెట్ చాలు

చేపల తొట్టి కొన్న కొత్తలో ఇంటిల్లిపాదికీ ముచ్చటే. రెండు నెలలకు నీళ్లు మార్చేది ఎవరనే వాదన మొదలవుతుంది. చివరికి ఆ పని అమ్మ మీదే పడుతుంది. ఇది మన పనే అని మా అభిప్రాయం. చేసే పద్ధతి తెలిస్తే కష్టమూ కాదు.

నీళ్లు పచ్చబడేదాకా ఆగి, చేపలన్నిటినీ తీసి తొట్టిని కడిగేయడంలోనే తప్పుంది. చేపల విసర్జనలోని అమ్మోనియాను మేలుచేసే బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించడానికే మనం నీళ్లు మార్చాలి. 40 లీటర్ల తొట్టికి వారానికి 10 లీటర్లు, అంటే ఒక్క బకెట్ చాలు. చేపలను కదపనక్కర్లేదు. బకెట్ కింద పెట్టి గొట్టంతో నీళ్లు దించితే అడుగు మురికీ వచ్చేస్తుంది. ఫిల్టర్ స్పాంజిని ఆ నీళ్లలోనే పిండి, మిగిలినవి మొక్కలకు పోద్దాం. కుళాయి నీళ్లలో కడిగితే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. తొట్టిలో పోసే కొత్త నీళ్లకూ క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి.

బదిలీ అయితే ఊరితోపాటు నీళ్లూ మారతాయి: ఒకచోట కుళాయి, మరోచోట బోరు. కొత్త నీళ్లు కొద్దికొద్దిగానే కలపాలి. అలవాటు పడటానికి సమయం కావాలని మనకంటే బాగా ఎవరికి తెలుసు?