అండమాన్ టాక్సీవాళ్లు దోచేస్తున్నారా?



మన కూర్మన్నపాలెం వైపు నుంచి అండమాన్ వెళ్లొచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. విశాఖ నుంచి ఓడ ఉండనే ఉంది. ఉత్తరాంధ్ర నుంచి పోయి అక్కడే స్థిరపడ్డ మనవాళ్లు వేలల్లో ఉన్నారు. వెళ్లొచ్చినవాళ్లలో చాలామందిది ఒకటే మాట: "సముద్రం బాగుంది గానీ, టాక్సీవాళ్లు దోచేశారు." ఈ మాట సగమే నిజమని నేనంటాను.

ముందు టాక్సీవాడి లెక్క చూడండి. పెట్రోలు మన దగ్గరకంటే అక్కడే చవక, పన్ను తక్కువ కాబట్టి. కానీ బండి, టైర్లు, పార్టులు అన్నీ సముద్రం దాటి రావాలి. వానాకాలం టూరిస్టులు పలచబడతారు. సీజన్లో వచ్చిన డబ్బులే ఏడాదంతా సర్దుకోవాలి. ఇది మనకి కొత్తా? పంట డబ్బుతో ఏడాది గడిపేవాళ్లం మనం.

అలాగని అడిగినంతా ఇచ్చేయమనటం లేదు. తడిసిన ధాన్యంతో కళ్లంలో నిలబడ్డ రైతుకి దళారి చెప్పిందే ధర. పిల్లలతో, సామాన్లతో జెట్టీ మీద నిలబడ్డవాడికి డ్రైవరు చెప్పిందే రేటు. గత్యంతరం లేనివాడితో ఆడేది బేరం కాదు.

దీనికి మందు మనకి తెలిసిందే. 1999లో రైతు బజార్లు వచ్చాక ధర బోర్డు మీద రాయటం మొదలైంది. అమ్మేవాడికీ కొనేవాడికీ అదే లెక్క. మన జంక్షన్లో గాజువాక షేర్ ఆటో ఎక్కేవాడు రేటు అడుగుతాడా? అందరికీ తెలిసిన ధర ఉంటే గొడవే లేదు. ప్రతి జెట్టీ దగ్గరా, ఎయిర్‌పోర్టు దగ్గరా పెద్ద అక్షరాలతో, తెలుగులో కూడా, టాక్సీ రేట్లు రాసి పెట్టాలి. అది డ్రైవరుకీ మేలే, దొంగ అన్న మాట తప్పుతుంది.

వెళ్లేవాళ్లు మాత్రం ఎక్కకముందే తేల్చుకోండి. రేటు మనిషికా, బండికా? వెయిటింగ్ కలిపేనా? రానుపోనూనా? ఒకరిద్దరే అయితే గవర్నమెంటు బస్సు ఉందేమో అడగండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక నెట్ బాగుపడింది. అయినా హేవ్‌లాక్, నీల్ దీవులకి ఫోన్‌పే ఒక్కదాన్నే నమ్ముకుని పోవద్దు, చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి.

ఒకసారి ఒప్పుకున్నాక దిగేటప్పుడు తగ్గించమని మాత్రం అడక్కండి. కాటా దగ్గర ధర ఒప్పుకుని తర్వాత తరుగు తీస్తే మనకెంత మండుతుందో వాళ్లకీ అంతే.