ముసలిదైంది సిస్టమ్ కాదు, డిస్కు

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా అని చుట్టాలు మనల్ని రెండే రెండు సందర్భాల్లో తలుచుకుంటారు. ఒకటి వాళ్ళబ్బాయికి ఉద్యోగం, రెండోది ఇంట్లో మొరాయించిన కంప్యూటర్. మొదటిదాంట్లో ఎలాగూ మన చేతిలో ఏమీ ఉండదు. రెండోదానికి మాత్రం మనవాళ్ళు ఫోన్‌లోనే తీర్పు చెప్పేస్తారు: "అది బాగా పాతబడిపోయిందండీ, పడేసి కొత్తది తీసుకోండి". చెప్పడం తేలిక, ఆదివారం మిగులుతుంది :). కానీ ఈ సలహా చాలాసార్లు తప్పు అన్నది నా గట్టి అభిప్రాయం. పదేళ్ళు దాటిన డెస్క్‌టాప్‌లో నిజంగా అరిగిపోయేది తిరిగే భాగాలే. అంటే ఫ్యాన్లు, హార్డ్ డిస్కు. ప్రాసెసర్ అరగదు.

తెనాలిలో మా మావయ్యకి చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరో ఒకరి కవితా సంకలనం. ఆయన సిస్టమ్ 2012 చివర్లో సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించింది. మూడో తరం ఐ3, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2011లో థాయిలాండ్ వరదలకి ఫ్యాక్టరీలు మునిగిపోయి హార్డ్ డిస్కుల రేట్లు చుక్కలు చూపించాయి, గుర్తుందా? ఆ వేడి ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో కొన్న డిస్కు అది. పాపం ఇన్నేళ్ళూ రోజుకి పన్నెండు గంటలు తిరిగి తిరిగి, మొన్న మాఘమాసం ముహూర్తాల ముందు మధ్యమధ్యలో టక్కుటక్కుమనడం మొదలెట్టింది. ఒక ఫైలు తెరవాలంటే ఐదు నిమిషాలు. ఊళ్ళో షాపతను చూసి, "ఈ బోర్డుకి ఎస్సెస్డీ వేసినా దండగే, సాటా 2 కదా, మొత్తం మార్చేయండి" అన్నాడట.

మావయ్యకి భయం వేసింది పెట్టె ఖర్చుకి కాదు. "ఒరేయ్, నా ఫైళ్ళు కొత్తదాంట్లో తెరుచుకుంటాయా?" అన్నాడు. అసలు ప్రశ్న అదే. ఆయన పనంతా పేజ్‌మేకర్ 7లో. అది 2001 నాటి సాఫ్ట్‌వేర్. ఆ ఫైళ్ళని ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 వరకే నేరుగా తెరిచేది, తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. దానికి తోడు ఆ తెలుగు యూనికోడ్ కాదు, అను ఫాంట్లు. తెర మీద చక్కగా "చి.ల.సౌ." అని కనిపించేది లోపల ఏవో ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ. ఆ ఫాంటు లేకపోతే మిగిలేది పిచ్చిరాతే. తెనాలి నుంచి తిరుపతి దాకా చిన్న ఊళ్ళలో ఇలాంటి పెట్టెలు ఇంకా ఎన్నో నడుస్తున్నాయి. వాటిని మనం "లెగసీ సిస్టమ్" అని నవ్వేస్తాం గానీ, బ్యాంకులో కోబాల్ నడుస్తుంటే మాత్రం దాన్ని "మిషన్ క్రిటికల్" అంటాం!

సరే, షాపతని మాట సంగతి. మామూలు హెచ్61 బోర్డులో ఉండేవి సాటా 2 పోర్టులే, సెకనుకి 3 గిగాబిట్లు. కాబట్టి ఎస్సెస్డీ అందులో పెడితే సెకనుకి 270-280 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది, డబ్బామీద రాసిన 550 రాదు. ఇది నిజమే. కానీ మనం కంప్యూటర్ స్లో అనుకునేది ఆ వేగం గురించి కాదు కదా. 7200 ఆర్పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది, మనక్కావలసిన ముక్క హెడ్డు కిందికి రావడానికి సగటున అందులో సగం, 4.17. దానికి ముందు హెడ్డు సరైన ట్రాక్ దగ్గరికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. అంటే సెకనుకి ఎనభై ముక్కలు అందిస్తే గొప్ప. విండోస్ బూటయ్యేటప్పుడు చదివేది వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు. ఎస్సెస్డీకి ఒక్కో ముక్కకీ పట్టేది మిల్లీసెకనులో పదోవంతు. ఆ తేడా సాటా 2లోనూ అలాగే ఉంటుంది. కాబట్టి దండగేమీ కాదు.

ఎన్‌వీఎమ్‌ఈ మాత్రం ఇలాంటి బోర్డుకి కొనకండి. ఎమ్.2 స్లాటు ఉండదు, కార్డు పెట్టి తగిలించినా ఆ కాలపు బయోస్ మామూలుగా దాన్నుంచి బూటవదు. 2.5 అంగుళాల సాటా ఎస్సెస్డీ చాలు.

ఇంతకీ డిస్కు మార్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాంట్లోనే జనాలు ఎక్కువగా దెబ్బతింటారు. చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద చెక్‌డిస్క్ కొడతారు! అది రిపేర్ పేరుతో డిస్కు మొత్తాన్నీ గాలించి, రాతలు రాసి, ఉన్న ప్రాణం కాస్తా తీస్తుంది. ముందు స్మార్ట్ వివరాలు చూడాలి. 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నా కాకుండా ఏదైనా ఉండి, అది పెరుగుతోందంటే ఇక ఆ డిస్కు చేత చేయించాల్సిన పని ఒక్కటే, కాపీ. నేను లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి గ్నూ డీడీరెస్క్యూతో లాగాను. దాని తెలివేంటంటే, బాగున్న చోటంతా ముందు చదివేసి, ఇబ్బంది పెట్టే చోట్లు వదిలేసి, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఆరోగ్యంగా ఉన్న 500 జీబీకి గంటన్నర పట్టే పని, దీనికి రాత్రీ పగలూ కలిపి పద్దెనిమిది గంటలు పట్టింది. చివరికి చదవలేకపోయింది మూడు మెగాబైట్లలోపే. అవి ఏ ఫైళ్ళవో వెతికితే రెండు పాత కరపత్రాలు, మిగతావి విండోస్ టెంప్ ఫైళ్ళు. బతికిపోయాం.

డిస్కు ఆగకుండా టకటకమంటూ, బయోస్‌లోనే కనబడకపోతే మాత్రం ఇవేవీ చెయ్యకండి. కరెంటు తీసేసి రికవరీ ల్యాబుకి ఇవ్వడమే. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందనే వైద్యాలు అసలు వద్దు :).

అన్నట్టు, కొనేటప్పుడు ఒక చిన్న చిక్కు. షాపుల్లో 480 జీబీ ఎస్సెస్డీలూ ఉంటాయి, 500 జీబీవీ ఉంటాయి. 500 డిస్కుని ఉన్నదున్నట్టు 480లోకి దించలేరు, ముందు పార్టిషన్ కుదించుకోవాలి. ఇంకోటి, బయోస్‌లో ఐడీఈ మోడ్ ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చుకోవడం మంచిదే, కానీ విండోస్ 7లో ముందుగా ఆ డ్రైవర్ ఎనేబుల్ చేయకుండా మారిస్తే నీలితెర గ్యారంటీ.

"ఎస్సెస్డీలు రాయగా రాయగా అయిపోతాయటగా" అని అడిగేవాళ్ళకి ఒక లెక్క. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి కంపెనీ చెప్పే రాత హామీ 300 టెరాబైట్లు. రోజుకి 20 జీబీ రాసినా నలభై ఏళ్ళు. అది తీరేలోపు మిగతా పెట్టె తుప్పు పడుతుంది. అసలు భయపడాల్సింది వేరే ఉంది. కరెంటు లేకుండా బీరువాలో పడేసిన ఎస్సెస్డీలో డేటా శాశ్వతం కాదు. జెడెక్ ప్రమాణం ప్రకారం రాత పరిమితి అంతా వాడేసిన డిస్కు 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలపాలి, అంతే. మన ఎండాకాలం 30 దగ్గర ఆగుతుందా? అందుకే పాత ఫైళ్ళు దాచుకోవడానికి ఇప్పటికీ హార్డ్ డిస్కే నయం. మావయ్య చేత రెండూ కొనిపించాను, లోపల ఎస్సెస్డీ, బయట యూఎస్‌బీ హార్డ్ డిస్కు. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని ఫ్లాష్ మెమరీ రేట్లు పెరిగాయి కాబట్టి "రెండెందుకురా, ఒకటి చాలదూ?" అని గొణిగాడు. చాలదు. హడూప్‌లో ఒక లాగ్ ఫైలుకి మూడు కాపీలు ఉంటాయి, ఎవరూ చదవని లాగ్‌కి! ఇరవై ఏళ్ళ సంపాదన ఉన్న ఫైళ్ళకి రెండు ఉంటే తప్పా?

ఆ బోర్డు రేపు పోదా అని మీరడగొచ్చు. పోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో మరో హెచ్61 దొరుకుతుంది, డిస్కు మార్చి దానికి తగిలిస్తాం. డిస్కులో ఉన్నది దొరకదు. ఎస్ఎంపీఎస్ కూడా ఆ వయసుదే కాబట్టి అదీ మార్పించాను.

ఇక సెక్యూరిటీ. విండోస్ 7కి మద్దతు 2020 జనవరిలోనే ఆగిపోయింది. విండోస్ 11 పెడదామంటే టీపీఎం 2.0, ఇంటెల్‌లో ఎనిమిదో తరం ఆపైన కావాలంటుంది, మూడో తరానికి ఆ గడప దాటే వీల్లేదు. బ్రౌజింగ్‌కి వాడే పెట్టె అయితే లైనక్స్ వేసేవాణ్ణి. ఇది శుభలేఖలు కొట్టే పెట్టె కాబట్టి నెట్ కేబుల్ పీకేశాను. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు స్కాన్ చేయడానికి మావయ్య కూతురి లాప్‌టాప్ ఉంది. ఆ అమ్మాయి ఈ డ్యూటీకి ఒప్పుకోవడానికి మాత్రం డిస్కు మార్చిన దానికంటే ఎక్కువ టైమ్ పట్టింది.