అత్తయ్య ‘నరాల బలం’ మాత్ర వెనుక ఓ అమెరికా కేసు

పోయిన వేసవిలో మా అత్తయ్య గుంటూరు నుంచి డాలస్ వచ్చారు. సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కనే ఆరు నెలలకు సరిపడా మందులు. అందులో ఓ క్యాప్సూల్ గురించి అడిగితే, ‘‘నరాల బలానికమ్మా. అరికాళ్లు మంటలంటే డాక్టరుగారు రాశారు. రెండేళ్లుగా వేసుకుంటున్నా’’ అన్నారు. పది రోజులకు జలుబు చేసి, ఇక్కడి షాపులో కొన్న నిద్రమత్తు తెచ్చే అలర్జీ మాత్ర కూడా వేసుకున్నారు. తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో తూలి పడ్డారు. అదృష్టం, ఎముక విరగలేదు.

అప్పుడు స్ట్రిప్ తిప్పి చదివాను. ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాములు, మిథైల్‌కోబాలమిన్. రెండోది బి12 విటమిన్. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గడం నిజమే, అది ఇవ్వడంలో తప్పు లేదు. కానీ మొదటిది విటమిన్ కాదు. ఫిట్స్‌కూ నరాల నొప్పికీ ఇచ్చే మందు. రెండూ ఒకే గొట్టంలో ఉండేసరికి మన ఇళ్లల్లో మొత్తానికే ‘బలం మాత్ర’ అని పేరు పడిపోయింది.

దీని అన్న లాంటి మందు గాబాపెంటిన్. న్యూరాంటిన్ పేరుతో 1993 చివర్లో అమెరికా ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది, అదీ కొన్ని రకాల ఫిట్స్‌కు ఇతర మందులతో కలిపి వాడడానికి మాత్రమే. అక్కి తగ్గాక మిగిలే నొప్పికి 2002లో అనుమతి వచ్చింది. ఈలోగా వార్నర్-లాంబర్ట్ సంస్థలోని పార్క్-డేవిస్ విభాగం దాన్ని బైపోలార్ వ్యాధికీ, మైగ్రేన్‌కూ, ఇంకా అనేక నొప్పులకూ ప్రచారం చేసింది. అనుమతి లేని జబ్బుకు డాక్టరు తన విచక్షణతో మందు రాయవచ్చు, అది నేరం కాదు. కంపెనీ ప్రచారం చేస్తేనే నేరం. డాక్టర్లకు విందులు, రిసార్టుల్లో సమావేశాలు, ప్రసంగాలకు పారితోషికాలు... బైపోలార్ వ్యాధిలో ఉత్తుత్తి మాత్ర కన్నా ఇది మెరుగు కాదని పరీక్షలో తేలినా ఆ ప్రచారం ఆగలేదు.

1996లో అక్కడ చేరిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త కొద్ది నెలలకే ఉద్యోగం మానేసి బోస్టన్‌లో కేసు వేశారు. అప్పటికి ఆ సంస్థను కొనేసిన ఫైజర్ చేతిలో 2003లో న్యూరాంటిన్ అమ్మకాలు సుమారు 270 కోట్ల డాలర్లు. 2004లో వార్నర్-లాంబర్ట్ నేరం ఒప్పుకుంది, 43 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. పోల్చి చూడండి, ఒక్క ఏడాది అమ్మకాల్లో ఆరో వంతు! లిరికా పేరుతో ఫైజరే తెచ్చిన ప్రీగాబలిన్ కూడా 2009 నాటి 230 కోట్ల డాలర్ల రాజీలో ఉన్న నాలుగు మందుల్లో ఒకటి.

జరిమానా కట్టారు, రాసే అలవాటు మాత్రం మిగిలింది. నడుము నుంచి కాలిలోకి పాకే సయాటికా నొప్పికి ప్రీగాబలిన్ ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. ఇప్పటికీ నడుంనొప్పి అనగానే ఇది రాసే డాక్టర్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. అలాగని మందే చెడ్డదనను. షుగరు వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు ప్రీగాబలిన్‌కు ఇక్కడ అనుమతి ఉంది, చాలామందికి ఉపశమనం ఇస్తుంది. అత్తయ్యకూ ఇచ్చింది.

చిక్కల్లా అది ఏ మందో తెలియకుండా వాడడంలో ఉంది. ఇది కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు తగ్గించాలి. వృద్ధుల్లో, ఊపిరితిత్తుల జబ్బున్నవారిలో, ఓపియాయిడ్ నొప్పి మందులో మత్తు మందులో తోడైతే శ్వాస మందగించవచ్చని ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. భయపడి ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే. క్రమంగా తగ్గించాలి.

అమ్మానాన్నల్ని పిలిపించుకునేవారికి ఇంకో మాట. ప్రీగాబలిన్ అమెరికాలో నియంత్రిత మందుల జాబితాలో ఉంది. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి రెండు మందులూ క్లాస్ సి కిందికి వచ్చాయి. యూఏఈలోనూ ప్రీగాబలిన్‌పై నియంత్రణ ఉంది, ప్రయాణానికి ముందే అక్కడి అధికారులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. చీటీ అసలు ప్రతి దగ్గర ఉంచుకోండి. అందులో బ్రాండ్ పేరే కాదు, మందు పేరు కూడా రాయించండి. మన బ్రాండ్ పేరు చెబితే ఇక్కడి డాక్టరుకు అర్థం కాదు.

అత్తయ్యకు రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీ పనితీరు కొంత తగ్గిందని తేలింది. ఇక్కడి డాక్టరు క్యాప్సూల్ మోతాదు తగ్గించి, బి12 విడిగా రాశారు. స్ట్రిప్ మీద పేరు చదివి వినిపిస్తే ఆవిడ కాసేపు ఊరుకుని, ‘‘మీ మావయ్య కూడా ఇదే వేసుకుంటున్నారే, నాకు బాగుందని నేనే ఇచ్చా’’ అన్నారు. అప్పుడు గుంటూరులో రాత్రి రెండైంది. అయినా ఫోన్ చేశాం.